కొండ అవతలి మైల

శృంగవరపుకోట బస్టాండుకి ఎదురు సందులో, మందుల దుకాణం మేడ మీద చిన్నమ్మలు ఆఫీసు ఉంది. ఆమె చాలాకాలం ఒక బీమా కంపెనీలో క్లెయిముల విచారణ చేసింది. తర్వాత ఉద్యోగం మానేసి, తలుపు మీద 'ప్రైవేటు పరిశోధనలు' అని ఒక చిన్న బోర్డు పెట్టుకుంది. కంప్యూటరు పని, బయట తిరిగే పని మణిదీప్ చూస్తాడు. ఆమె దగ్గర చేరిన మొదటి నెలలోనే అతనికి ఒక సంగతి తెలిసింది. ఎవరైనా వచ్చి కథ చెబుతుంటే చిన్నమ్మలు వాళ్ళు చెప్పిన మాటలతో పాటు చెప్పకుండా దాటేసిన మాటలు కూడా వింటుంది. అప్పటి నుంచి అతనికి ఆమె అంటే గురి కుదిరింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, అరకు నుంచి దిగిన మొదటి బస్సులో భాను వచ్చింది. పాతికేళ్ళ లోపు పిల్ల. స్వెట్టరు మంచుకి తడిసి ఉంది. లాప్‌టాప్ సంచీని చంటిబిడ్డలా గుండెకి హత్తుకుంది. మణిదీప్ ఏమీ అడక్కుండానే కుర్చీని కిటికీ పక్కకి, ఎండ పడేచోటికి జరిపాడు.

"మా కాఫీ రైతుల సంఘంలో సోములమ్మ అని ఒక పెద్దావిడ ఉంది మేడం," అంది భాను. "రేపటి మీటింగులో ఆవిడ్ని తీసేస్తున్నారు. ఆవిడతో పాటు గుమ్మగరువు గూడెం మొత్తాన్ని. నేను రాసిన క్వెరీ వల్ల."

"అదేటో నాకు అర్థమయ్యేలా సెప్పు," అంది చిన్నమ్మలు.

భాను చెప్పింది. వాళ్ళ సంఘం అమ్మేది మందు కొట్టని కాఫీ. ఆ పేరు మీదే దానికి గిరాకీ. ఈ ఏడు పంట అయ్యాక పరీక్షకి పంపితే, అందరి పండూ కలిపి కట్టిన లాట్లలో మూడింట పురుగుమందు తేలింది. ఆ మందు ఎవరి తోటలోంచి వచ్చిందో పట్టుకోమని సంఘం ప్రెసిడెంటు కృపావతి భానుకి చెప్పింది. సంఘంలో డేటా చూసేది భానే.

"మా కంప్యూటరులో మూడు టేబుళ్ళు, అంటే పట్టికలు, ఉన్నాయి మేడం. ఒకటి సభ్యులది. నంబరు, పేరు, గూడెం అందులో ఉంటాయి. రెండోది తూకాలది. ఏ రోజు, ఏ నంబరు మీద, ఎంత పండు వచ్చిందో అందులో ఉంటుంది. మూడోది లాట్లది. ఏ తూకం ఏ లాట్లో కలిసిందో చెబుతుంది. తూకాల్లో మనుషుల పేర్లు ఉండవు, నంబర్లే. పేరు కావాలంటే సభ్యుల టేబుల్‌కి వెళ్ళి అదే నంబరు ఎవరిదో చూసి కలపాలి. అదే జాయిన్. అలా కలిపి కంప్యూటరుని అడిగే ప్రశ్నే క్వెరీ."

"మూడూ కలిపితే?"

"చెడిపోయిన మూడు లాట్లలోనూ ఉన్న నంబరు ఒక్కటే. నూట ముప్పై ఒకటి. అది సోములమ్మది. ఒకరి తోటలో మందు తేలితే ఆ గూడెం అంతటినీ తీసెయ్యాలని మా సంఘం రూలు."

"ఆవిడేటంది?"

"మందు కొట్టే పంపు ఎలా ఉంటుందో కూడా తెలీదంది. గుమ్మగరువు వాళ్ళు దారిలో ఆపి, 'నీ కంప్యూటరు మా తోటలో ఏటి సూసింది గుంటా' అని అడిగారు. క్వెరీలో తప్పుందేమోనని ఎన్నిసార్లు చూశానో. తప్పు ఉంటే దిద్దేదాన్ని. లేదు. నాకు అదే భయంగా ఉంది."

చిన్నమ్మలు కాసేపు ఆమె ముఖమే చూసింది. దాచుకున్న ముఖమా, బెదిరిన ముఖమా అన్నది వెంటనే తేల్చడం ఆమెకి అలవాటు లేదు.

"ఆ టేబుళ్ళలో రాతలు మార్చగలిగేది ఎవరు?"

"నేను, మేనేజరు లక్ష్మీప్రసాద్ గారు. పాస్‌వర్డులు ఇద్దరికే ఉన్నాయి."

"పాత కాపీ ఏదైనా ఉంటాదా?"

"ఒక డిస్కులో ఉండేది. పాడైపోయింది, పారేశానన్నారు మేనేజరు గారు."

"పంట అయిన తర్వాత మీ ఆఫీసులో కొత్తగా ఏటైనా జరిగిందా?"

భాను ఆలోచించింది. "సభ్యులందరికీ ఫోటో ఉన్న కొత్త కార్డులిచ్చాం. పాతవి వెనక్కి తీసుకున్నాం. అంతే."

చిన్నమ్మలు లేచి శాలువా అందుకుంది. "బేగి టిఫిను చెయ్యి అమ్మీ. తర్వాతి బస్సుకి మేమూ వస్తాం."

* * *

సంఘం ఆఫీసు అరకు ఊరికి కాస్త ఎడంగా, పండు తొక్క తీసే షెడ్డు పక్కన ఉంది. మేనేజరు లక్ష్మీప్రసాద్ విశాఖపట్నం వైపు మనిషి. ఆ చలిలోనూ అతని నుదుటి మీద చెమట పట్టి ఉంది. మాట్లాడుతున్నంతసేపూ కుడిచెయ్యి బల్ల సొరుగు మీదే ఉంచాడు.

"పాడైన డిస్కు ఎక్కడ పారేశారు?" అని అడిగింది చిన్నమ్మలు.

"గుర్తు లేదండి. చెత్తలో వేసుంటాం."

"మీ పాస్‌వర్డు ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు. ఎవరికీ తెలీదు." ఆమె ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చేసింది.

"కొత్త కార్డుల ఆలోచన మీదేనా?"

"మా ఫీల్డు సూపర్‌వైజరు కామేష్‌ది. మంచి ఆలోచనే కదండీ. ముసలివాళ్ళకి ఫోటో ఉంటే సులువు. ఇంటింటికీ తిరిగి ఇచ్చింది కూడా అతనే."

గోడ మీద ఏసు పటం కింద కృపావతి కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఆ కొండల్లోనే పుట్టి పెరిగింది. సంఘాన్ని నిలబెట్టింది ఆమె. "అమ్మా, మీరు విచారించండి, నేను కాదనను," అంది. "కానీ రేపటి మీటింగు ఆగదు. అది నా చెల్లెలి గూడెమైనా రూలు ఇదే. ఒక్క గూడేన్ని వదిలితే కొనేవాడు మమ్మల్నందర్నీ వదిలేస్తాడు."

కామేష్ మాత్రం నవ్వుముఖంతో ఎదురొచ్చాడు. పాచిపెంట దగ్గరి మైదానం ఊరు అతనిది. నిరుడే ఉద్యోగంలో చేరాడు. సభ్యుల తోటలు తనిఖీ చేసి, మందు వాడలేదని సంతకం పెట్టేది అతనే. అందరికీ టీ తెప్పించాడు. గుమ్మగరువుకి నడిచి వెళ్ళడం కష్టమని తన జీపు ఇస్తానన్నాడు.

"సోములమ్మ తోట మీరు చూశారా?" అంది చిన్నమ్మలు.

"చూడకేం మేడం. డిసెంబరులో, ఆ గూడెం పెద్ద భీముడు పోయిన వారంలోనే ఎక్కాను. ఊరంతా దుఃఖంలో ఉంది. ఈవిడ ఒక్కర్తే తోటలో పండు కోసుకుంటోంది. చెట్టు కింద మందు పంపు కూడా కనిపించింది. పోనీలే, పెద్దావిడ అని అప్పుడు రిపోర్టు రాయలేదు. నాదే తప్పు."

"మీది మెత్తటి మనసు," అంది చిన్నమ్మలు.

మణిదీప్ ఆమె వైపు చూశాడు. పొగిడిందో ఎత్తిపొడిచిందో అతనికి తెలియలేదు.

* * *

జీపు డ్రైవరు వాళ్ళని వాగు దగ్గర దించాడు. అక్కడి నుంచి గుమ్మగరువుకి కాలిబాటే. గూడెంలో ఆడవాళ్ళు భానుని చూసి మాటలాపేశారు. ఒకావిడ పిల్లని లోపలికి లాక్కుంది. సోములమ్మ మాత్రం పొయ్యిలోంచి కాల్చిన దుంపలు తీసి ఆకులో పెట్టి, ముందు భానుకే ఇచ్చింది.

"తిను గుంటా. పొద్దున కూడా ఏటీ తిన్నట్టు లేవు," అంది.

భాను తల వంచుకుని తిన్నది. మణిదీప్ కొండ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

తోట ఇంటి వెనకే ఉంది. చిన్నమ్మలు పంపు కోసం వెతకలేదు. చెట్ల మధ్య నెమ్మదిగా నడుస్తూ కొమ్మలు వంచి చూసింది. చాలా చోట్ల పండు కొయ్యకుండానే చెట్టు మీద నల్లగా ఎండిపోయి ఉంది. కొంత నేల మీద రాలి మొలకలెత్తింది.

"ఇంత పండు ఎందుకు వదిలేశావమ్మా?"

"భీముడు బావ పోయినప్పుడు పండినాదమ్మా. మైలలో ఎవులమూ తోటలోకి ఎల్లం. దినం అయ్యేదాక కొమ్మ మీద సెయ్యి ఎయ్యకూడదు. బావే సెప్పీవోడు, పండు పోతే మళ్ళీ ఏడు కాత్తాదని."

"గూడెం అంతా అంతేనా?"

"అంతా అంతే. దారికి అడ్డంగా మద్దికొమ్మ ఏసేత్తాం. లోపలోళ్ళు బయటికెల్లరు, బయటోళ్ళు లోపలికి రారు. సూదులేసే డాకటరమ్మ వొచ్చింది. ఆయమ్మ కూడా కొమ్మకి అవతలే నిలబడి మాత్తర్లు ఇసిరేసి ఎల్లిపోనాది." ఆ మాట చెబుతూ సోములమ్మ నవ్వింది. "ఒక మాత్తర కోడి మింగేసినాది."

"నీ కార్డు సూపిత్తావా?"

సోములమ్మ గుడ్డమూటలోంచి కొత్త కార్డు తీసింది. దాని మీద ఫోటో, కింద నూట ముప్పై ఒకటి.

"పాత కార్డు మీద కూడా ఇదే నంబరా?"

"నంబరు నాకేటి తెలుసు తల్లీ. కార్డిత్తే తూకం ఏత్తారు. జీపుబాబు కామేష్ ఇంటికొచ్చి పాతది పట్టుకెల్లి ఇది ఇచ్చినాడు. పోటో బాగా పడినాదన్నాడు." కార్డుని చీరకొంగుతో తుడిచింది. "రేపు మమ్మల్ని తీసేత్తే పండు ఎవులికి అమ్మాల? సంతలో షావుకారు సెప్పిందే రేటు. మళ్ళీ పాతరోజులే."

దిగి వస్తుంటే మణిదీప్ ఉండబట్టలేక అడిగాడు. "పంట డబ్బు ఎవరి ఖాతాలో ఎంత పడిందో చూస్తే తేలిపోదా మేడం?"

జవాబు భాను చెప్పింది. "మనిషికి విడిగా పడదు సార్. మహిళా సంఘం ఖాతాలో గూడెం మొత్తానికి కలిపి పడుతుంది. పైగా ఈ ఏటి లెక్క ఇంకా చెయ్యలేదు."

* * *

మధ్యాహ్నం ఆఫీసు వెనక గదిలో ముగ్గురూ భాను లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

"భీముడు పోయిన దగ్గర్నుంచి దినం అయ్యేవరకు పండు తెచ్చినోళ్ళ పేర్లు కావాలి," అంది చిన్నమ్మలు.

మణిదీప్ తూకాల టేబుల్‌ని సభ్యుల టేబుల్‌తో నంబరు మీద జాయిన్ చేశాడు. తెర మీదికి వచ్చిన పేర్లని గూడెం వారీగా వరసపెట్టి చూశాడు. ఉత్సాహం నీరుగారిపోయింది.

"గుమ్మగరువు నుంచి ఒక్క పేరే ఉంది మేడం. సోములమ్మ. ఆ రోజుల్లో మూడు సార్లు పండు తెచ్చింది. మందు తేలిన లాట్లలో కలిసిన తూకాలు కూడా ఇవే. కామేష్ గారు చెప్పింది నిజమేనేమో."

భాను కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇది గూడెంలో తెలిస్తే ఆవిడ బతకలేదు. సొంత బావ మైలలో కోత కోసిందంటే సంఘం సంగతి తర్వాత, గూడెమే వెలేస్తుంది."

మణిదీప్ గొంతు తగ్గించాడు. "మనకి దుంపలు పెట్టిన మనిషి అబద్ధం చెప్పదని ఎలా అనుకుంటాం?"

"అనుకోకూడదు," అంది చిన్నమ్మలు. "చెట్టు మీద ఎండిన పండు మాత్రం అబద్ధమాడదు కదా. ఆ రోజుల్లో అన్నిసార్లు కోసిన తోటైతే అంత పండు ఎందుకు మిగులుతాది?" తెర వైపు చూపించింది. "నువ్వు వచ్చినోళ్ళని పిలిసావు. రానోళ్ళని కూడా పిలువు."

"అంటే?"

"సభ్యులందరి పేర్లూ రావాల. పండు తెచ్చినోళ్ళకి ఎదురుగా తూకం ఉండాల. తేనోళ్ళకి ఎదురుగా ఖాళీ ఉండాల. ఆ ఖాళీలు నాకు కావాలి."

"లెఫ్ట్ జాయిన్," అన్నాడు మణిదీప్. మామూలు జాయిన్‌లో రెండు టేబుళ్ళలోనూ జత దొరికిన పేర్లే మిగులుతాయి. జత లేని పేరు చప్పుడు లేకుండా మాయమవుతుంది. లెఫ్ట్ జాయిన్‌లో అలా కాదు, మొదటి టేబుల్లో పేర్లన్నీ నిలుస్తాయి. జత లేకపోతే పక్కన ఖాళీ కనిపిస్తుంది. అతను చకచకా రాసి నడిపాడు. మళ్ళీ పాత జాబితానే వచ్చింది. ఒక్క ఖాళీ కూడా లేదు.

"తేదీల షరతు చివర్న, వరసల్ని వడపోసే 'వేర్' దగ్గర పెట్టారు సార్," అంది భాను కళ్ళు తుడుచుకుంటూ. "ఖాళీ వరసకి తేదీ ఉండదు కదా, ఆ షరతు దగ్గర రాలిపోతుంది. తేదీలు జాయిన్ దగ్గరే, జత కలిపే 'ఆన్' షరతులో పెట్టాలి."

మణిదీప్ నాలిక కరుచుకుని షరతుని పైకి జరిపాడు. ఈసారి జాబితా పొడుగ్గా వచ్చింది. పంట మంచి ఊపులో ఉన్న రోజులవి. అన్ని గూడేలవాళ్ళూ ఏదో ఒక రోజు పండు తెచ్చారు. గుమ్మగరువు ఇళ్ళకి ఎదురుగా మాత్రం వరసగా ఖాళీలు. ఒక్క సోములమ్మ పక్కన తప్ప.

చిన్నమ్మలు వేలు ఆ వరస దాటి కిందికి దిగింది. జాబితా చివర్లో, రాళ్ళవలస గూడెంలో, ఇంకొక ఖాళీ ఉంది. మంగరాజు. నంబరు రెండు వందల ఏడు.

"ఇతని తూకాలు పంటకాలం అంతా చూపించు."

భాను తీసింది. మంగరాజు పంట మొదలైన దగ్గర్నుంచీ క్రమం తప్పకుండా పండు తెచ్చాడు. భీముడు పోయిన రోజున ఆపేశాడు. దినం అయిన మర్నాడు మళ్ళీ తెచ్చాడు.

"రాళ్ళవలస ఎక్కడ?" అని అడిగింది చిన్నమ్మలు.

"కొండకి అటువైపు. వాళ్ళు వేరే తెగ. వీళ్ళకీ వాళ్ళకీ చుట్టరికాలు లేవు."

చిన్నమ్మలు ఆ రెండు తేదీలనీ ఒక కాగితం మీద రాసుకుంది. బయట షెడ్డులోంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"రేపు మీటింగుకి ఈ మంగరాజుని తప్పకుండా రప్పించు అమ్మీ," అంది చివరికి. "ఎందుకని మాత్రం ఎవరికీ చెప్పకు. మేనేజరుకీ, ప్రెసిడెంటుకీ కూడా."

* * *

మర్నాడు ఎండబెట్టే కళ్ళం మీద మీటింగు జరిగింది. గూడేల వారీగా జనం కూర్చున్నారు. గుమ్మగరువు వాళ్ళు అందరికంటే వెనక, ఒకరి భుజం ఒకరికి ఆనించుకుని కూర్చున్నారు. రాళ్ళవలస వాళ్ళు ముందు వరసలో ఉన్నారు.

"ఇంకా ఇచారణేటి?" అని వాళ్ళలో ఒకడు గట్టిగా అన్నాడు. "ఆళ్ళ మందు మన పండులో కలిపీసినారు. తీసీండి, పనైపోద్ది."

కృపావతి చెయ్యెత్తి అతన్ని ఆపింది. "ఈ అమ్మగారు రెండు మాటలు చెబుతారంట. తర్వాత చేతులెత్తడమే."

చిన్నమ్మలు బల్ల పక్కన నిలబడింది. లక్ష్మీప్రసాద్, కామేష్, భాను కుర్చీల్లో ఉన్నారు. మంగరాజు రాళ్ళవలస వరస చివర, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

"గుమ్మగరువులో భీముడు గారు పోయినప్పుడు ఆ గూడెంలో ఎవరూ పండు కొయ్యలేదు," అని మొదలుపెట్టింది. "కానీ కంప్యూటరులో సోములమ్మ పేరు మీద మూడు తూకాలున్నాయి. మందు ఉన్న పండు కూడా అదే."

గుమ్మగరువు వైపు నుంచి ఒక గొణుగుడు లేచింది. సోములమ్మ నిటారుగా కూర్చుంది. "నాను కొయ్యనేదు," అంది మెల్లగా. పక్కనున్న ఆడమనిషి కొద్దిగా ఎడంగా జరిగింది.

"కామేష్ గారు తన కళ్ళతో చూశానన్నారు. అవునా బాబూ?"

"అవును మేడం. చెప్పడానికి నాకే బాధగా ఉంది."

"ఆ రోజు గూడెంలోకి ఏ దారిన వెళ్ళారు?"

"ఉన్నది ఒకటే దారి కదండీ. వాగు దాటి, కాలిబాటన."

"మరి కొమ్మని ఎలా దాటారు?"

"ఏ కొమ్మ?"

గుమ్మగరువు మగవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు లేచి, "మైల దినాల్లో ఈయన మా గూడెంలోకి రానేదు," అన్నాడు. "కొమ్మ కాడ కాపలా నానే."

"ఏదో పొరపాటు పడ్డానేమో. వేరే వారం అయ్యుంటుంది," అన్నాడు కామేష్. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

"కావొచ్చు," అంది చిన్నమ్మలు. "దాన్ని పక్కన పెడదాం. నన్ను ఇంకో సంగతి తికమక పెట్టింది. ఆ రోజుల్లో పండు తేనివాళ్ళ పేర్లు తీయించాను. గుమ్మగరువు ఇళ్ళన్నీ వచ్చాయి, సోములమ్మ ఇల్లు తప్ప. దానికి బదులు కొండ అవతల ఒక పేరు వచ్చింది. భీముడు పోయిన రోజునే కోత ఆపి, దినం అయిన మర్నాడు మళ్ళీ మొదలుపెట్టిన మనిషి." రాళ్ళవలస వైపు తిరిగింది. "మంగరాజూ, నువ్వు ఎవరి కోసం మైల పట్టావు నాయనా?"

మంగరాజు తల ఎత్తి చూశాడు.

"అతను మైల పట్టలేదు," అని చిన్నమ్మలే చెప్పింది. "ఆ ఖాళీ సోములమ్మది. ఆ మూడు తూకాలు మంగరాజు తోటవి. తూకాల టేబుల్లో పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. నూట ముప్పై ఒకటి మొన్నటిదాకా మంగరాజుది. రెండు వందల ఏడు సోములమ్మది. పంట అయ్యాక ఎవరో సభ్యుల టేబుల్లో ఈ రెండు పేర్లనీ, వాటి గూడేలనీ తారుమారు చేశారు. తూకాల్లో ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. ముట్టుకోనక్కర్లేదు. ఆ తర్వాత భాను రాసిన జాయిన్, పాత తూకాలన్నిటినీ కొత్త పేర్లకే తీసుకెళ్ళి అంటించింది. క్వెరీలో తప్పు లేదు. అది వెళ్ళి తలుపు తట్టిన ఇంట్లో మనుషుల్ని మార్చేశారు."

భాను రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"పేర్లు మారిస్తే కార్డుల మీద నంబర్లూ మారాలి. ఇద్దరి కార్డులే మారిస్తే ఎవరైనా అడుగుతారు. అందరివీ మారిస్తే ఎవరూ అడగరు. ఫోటో కార్డులు అందుకే వచ్చాయి." మేనేజరు వైపు చూసింది. "లక్ష్మీప్రసాద్ గారూ, మీ గదిలో బల్ల సొరుగులో దాచిన డిస్కు బయటికి తియ్యండి."

లక్ష్మీప్రసాద్ తటపటాయిస్తూ లోపలికి వెళ్ళి డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నేను దొంగని కాదండి," అన్నాడు. "కార్డుల పని నాకు రాదు. కామేష్ చేస్తానంటే నా పాస్‌వర్డు ఇచ్చాను. ఫోటోలు ఎక్కించడానికని ఈ డిస్కు కూడా ఇచ్చాను. ఖాళీ చేసి తెచ్చాడు, పొరపాటున చెరిగిపోయిందన్నాడు. పాస్‌వర్డు ఇచ్చిన సంగతి బయటపడితే నా ఉద్యోగం పోతుందని దాచాను. అంతకుమించి నాకేమీ తెలీదు."

"ఇచ్చిన మాట నిజమే. పేర్లు నేనే మార్చానని ఏమిటి రుజువు?" అన్నాడు కామేష్. ఇప్పుడు నవ్వు లేదు. "మంగరాజు తోటతో నాకేం పని?"

చిన్నమ్మలు అతనికి జవాబు చెప్పలేదు. నడిచి వెళ్ళి మంగరాజు ముందు కళ్ళం మీదే గొంతుక్కూర్చుంది. "నీ భార్యకి ఎలా ఉంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న అతను ఊహించలేదు. "మంచాన ఉందమ్మా," అన్నాడు. "విశాపట్నం పెద్దాసుపత్రికి తిప్పినాను. తోట సూసుకోనేకపోనాను."

"మరి ఎవరు చూసుకున్నారు?"

మంగరాజు కామేష్ వైపు చూడకుండానే చెప్పాడు. "కామేష్ బాబే. పేరు నీదే ఉంటాది, పంట నానే సూసుకుంటానన్నాడు. కొండోళ్ళ బూమి బయటోడికి ఇయ్యకూడదని నాకు తెలుసు. అవుసరం. కాయకి పురుగు పట్టినాదని మందు ఆయనే కొట్టినాడు. నాను వొద్దన్నాను. తనికీకి వొచ్చీది నానే గదా అన్నాడు. ఈయమ్మ పేరు ఇరికించినట్టు నాకు తెల్దు. దేవుడి తోడు."

"మంగరాజు భార్య సంగతి మీకెలా తెలిసింది మేడం?" అని మణిదీప్ ఆ సాయంత్రం తిరుగు బస్సులో అడిగాడు.

"మందుల వాసన. అతను వచ్చి కూర్చున్నప్పుడే వేసింది. మనిషి బాగానే ఉన్నాడు, పక్కన భార్య మాత్రం లేదు. నా ఆఫీసు కింద రోజూ పీల్చే వాసనే కదా."

కళ్ళం మీద మంగరాజు మాట ముగియగానే కామేష్ లేవబోయాడు. గుమ్మగరువు కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి అతని కుర్చీకి చెరోపక్కా నిలబడ్డారు. చెయ్యి వెయ్యలేదు, నిలబడ్డారు, అంతే. సోములమ్మనే ఎందుకు ఎంచుకున్నాడని కృపావతి అడిగితే అతను నేల చూశాడు.

"చదువు రాదు, అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు," అని చిన్నమ్మలే చెప్పింది. "ఆ మైల దినాల్లో గూడెం ఏడుస్తుందని తెలుసు గానీ, దారే మూసేస్తుందని తెలీదు. తెలిస్తే ఇంకో గూడెం వెతుక్కునేవాడు."

కృపావతి పోలీసులకి కబురు పంపింది. తర్వాత చాలాసేపు బల్ల మీది డిస్కునే చూస్తూ కూర్చుంది. లేచినప్పుడు ఆమె గొంతు ముందులాగే ఉంది.

"గుమ్మగరువు మీద తప్పు లేదు. వాళ్ళు ఉంటారు. మందు రాళ్ళవలస తోటలోది. రూలు ప్రకారం రాళ్ళవలసని తీసెయ్యాలి. చేతులెత్తండి."

ముందు వరసలో ఇందాక గట్టిగా మాట్లాడినవాడు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. రాళ్ళవలస ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరి చెయ్యీ లేవలేదు. ఎత్తాలా వద్దా అని జనం దిక్కులు చూస్తున్నారు.

సోములమ్మ లేచింది. "పెసిడెంటమ్మా, ఒక మాట. ఆ గూడెపోళ్ళు ఏటి సేసినారు?"

"రూలు అది సోములమ్మా."

"ఆ రూలు మనమే గదా రాసుకున్నాం. నిన్నటి దాకా మా గూడెంలో పొయ్యి ఎలిగించనోళ్ళు ఉన్నారు. తల్లులు పిల్లల్ని కసిరీసినారు. సెయ్యని తప్పుకి. ఇప్పుడు ఆళ్ళూ అలాగే ఉండాలా? తోటకి మందు కొడితే ఆ తోటని ఆపీ. గూడేన్ని ఎందుకు ఆపుతావు?"

కృపావతి రాళ్ళవలస ఆడవాళ్ళ వైపు చూసింది. చివరికి కూర్చుని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"తోట ఒక్కదాన్నే ఆపాలి, గూడెం ఉండాలి అనేవాళ్ళు చేతులెత్తండి," అంది.

ముందుగా వెనక వరస నుంచి లేచాయి చేతులు. గుమ్మగరువువి. ఇందాక సోములమ్మకి ఎడంగా జరిగిన ఆడమనిషి చెయ్యి కూడా అందులో ఉంది. తర్వాత మధ్య గూడేలు ఎత్తాయి. ఆఖర్న రాళ్ళవలస వాళ్ళు, సిగ్గుతో, సగం సగం ఎత్తారు. కృపావతి కూడా ఎత్తింది.

మంగరాజు ఒక్కడే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తనకి ఆ హక్కు ఉందో లేదో అతనికి తెలియలేదు. కొమ్మ దగ్గర కాపలా కాసిన గుమ్మగరువు మనిషి అతని పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"ఎత్తెహె," అన్నాడు మోచెయ్యి పొడిచి. "లెక్కెట్టుకుంటన్నారు. బేగి ఎత్తు."

మంగరాజు చెయ్యెత్తాడు.